నర్సీపట్నం పాత ఇనుము కొట్లో దొరికిన కుట్టు మిషన్: వెతకడం నుంచి మళ్లీ కుట్టించే దాకా పూర్తి గైడ్

ఫ్రెండ్స్, ఇప్పటిదాకా ఇక్కడ నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు రివ్యూ చేశాను. ఈసారి నా టేబుల్ మీద ఉన్న దానికి బ్యాటరీ లేదు, డిస్‌ప్లే లేదు, అప్‌డేట్ రాదు. తల ఒక్కటే 11 కిలోలు తూగింది. అదొక పాత తొక్కుడు కుట్టు మిషన్.

"కుట్టు మిషన్‌కి ఇక్కడేం పని?" అని స్క్రోల్ చేసేయకండి. ఫోన్ విప్పి బ్యాటరీ మార్చిన చెయ్యి మీదైతే ఈ పని మీకు ఇంకా తేలిక. పాత మిషన్ ఎక్కడ వెతకాలి, కొనేముందు ఏం చూడాలి, ఎలా విప్పి శుభ్రం చేయాలి, కుట్టు ఎలా సెట్ చేయాలి, ఇవన్నీ వరసగా చెప్తాను. నేను చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాను.

అసలు ఇదంతా ఎందుకు మొదలైంది?

మా పెద్దమ్మ నర్సీపట్నంలో చాలా ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఆవిడ దగ్గర ఒక నల్ల తొక్కుడు మిషన్ ఉండేది. ఇరవై నెలల కిందట నేనే వెళ్లి, "ఇంకా దీంతో ఎందుకు కష్టపడతావు పెద్దమ్మా, కంప్యూటర్ మిషన్ తీసుకో, ఈఎంఐలో వచ్చేస్తుంది" అన్నాను. స్పెక్స్ చదివి వినిపించాను, వీడియోలు చూపించాను. ఆవిడ నా మాట నమ్మింది. కొత్తది ఇంటికొచ్చిన రోజే పాతదాన్ని ఇనుము తూకానికి తొమ్మిది వందలకి ఇచ్చేసింది.

మొన్న సంక్రాంతి వెళ్లిన వారం కొత్త మిషన్ ఆగిపోయింది. స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ కోడ్, మోటార్ కదలదు. సర్వీస్ వాళ్లు చూసి లోపలి బోర్డు పోయిందన్నారు. ఆ మోడల్ ఆపేశారట, బోర్డు తెప్పించాలంటే నెలన్నర పడుతుందట, ధర మిషన్ ధరలో సగం పైనే. వారంటీ అయిపోయింది. ఈఎంఐ మాత్రం ఇంకా నాలుగు వాయిదాలుంది.

అప్పటికే మాఘమాసం ముహూర్తాల కోసం పద్నాలుగు జాకెట్లు హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. అడ్వాన్సులు తీసుకుంది. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "పాతది ఉంటే బాగున్ను నాన్నా" అంది, అంతే. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే ఆ పాత ఇనుము కొట్టుకి వెళ్లి ఆవిడ మిషన్ గురించి అడిగాను. "అది ఎప్పుడో కరిగిపోయుంటాది బాబూ. కావాలంటే అదిగో, ఇంకోటుంది" అని కొట్టు మూల చూపించాడు. తుప్పు పట్టిన స్టాండు మీద, సైకిల్ రిమ్ముల కింద ఒక నల్ల మిషన్. చక్రం పట్టుకుని తిప్పితే అంగుళం కూడా కదల్లేదు. "తూకానికైతే వెయ్యి, మిషన్ కింద అయితే పదిహేను వందలు" అన్నాడు. బేరమాడి పన్నెండు వందలకి తెచ్చాను.

ఎక్కడ వెతకాలి?

ఆన్‌లైన్‌లో "వింటేజ్" అని పేరు పెట్టి అమ్మేవాటి జోలికి వెళ్లకండి. అవి చాలావరకు షోకేసులో పెట్టుకోడానికి. కుట్టడానికి పనికొచ్చేవి ఇలాంటి చోట్ల దొరుకుతాయి:

- మీ ఇంటి అటక. ముందు అక్కడే చూడండి. అమ్మమ్మ, నాన్నమ్మల మిషన్లు చాలా ఇళ్లల్లో టీవీ స్టాండుగానో, పూలకుండీ బల్లగానో బతుకుతున్నాయి.
- వయసు పైబడి షాపు మూసేసిన టైలర్లు. వీళ్ల దగ్గర దొరికేది రోజూ నడిచిన మిషన్ కాబట్టి అరిగి ఉంటుంది, కానీ బిగుసుకుపోయి ఉండదు. పైగా దాని చరిత్ర చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు.
- పాత ఇనుము కొట్లు. చౌక, కానీ రిస్క్ ఎక్కువ.
- గొలుగొండ, నాతవరం, కోటవురట్ల లాంటి చుట్టుపక్కల మండలాల్లోని ఊళ్లు. కుట్టేవాళ్లు మోటార్ మిషన్లకి మారాక పాతవి మూలన పడి ఉంటాయి. ఊరి టైలర్‌ని అడిగితే ఎవరింట్లో ఉందో చెప్తారు.

కొనేముందు 5 నిమిషాల టెస్ట్

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు డిస్‌ప్లే, కెమెరా, చార్జింగ్ పోర్టు చూస్తాం కదా. ఇక్కడ చూడాల్సినవి ఇవి.

1. పగుళ్లు. బాడీ పోత ఇనుము. తుప్పు వదిలించొచ్చు, అరిగిన భాగం మార్చొచ్చు, కానీ పోత ఇనుము పగిలితే అతకడం చాలా కష్టం. తల, బేస్ కలిసే మూల దగ్గర, వెనక కీళ్ల రంధ్రాల దగ్గర టార్చ్ వేసి చూడండి. పగులు కనిపిస్తే వదిలేయండి.

2. చక్రం. మీ వైపుకి నెమ్మదిగా తిప్పండి. ఎప్పుడూ మీ వైపుకే. జిగటగా, బరువుగా తిరుగుతుంటే పాత నూనె గడ్డకట్టిందని అర్థం, భయం లేదు. ప్రతిసారీ ఒకే చోట టక్కుమని ఆగుతుంటే షటిల్‌లో దారం ఇరుక్కుని ఉండొచ్చు, అదీ పోతుంది. అసలు కదలకపోయినా వెంటనే "డెడ్" అని తీర్పు ఇవ్వకండి.

3. చక్రం తిరుగుతోంది, సూది మాత్రం కదలడం లేదా? చక్రం మధ్యలో ఉండే గుండ్రటి మర బిగించి చూడండి. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు సూది ఆగడానికి దాన్ని వదులు చేస్తారు. బిగించడం మర్చిపోయి మిషన్ పాడైందనుకునే వాళ్లున్నారు.

4. బాబిన్ ఎలాంటిది? సూది కింద, ఎడమ చివర గుండ్రటి బాబిన్ కేస్ నిలువుగా కూర్చునే చోటు ఉంటే మంచిది. అది మనదేశంలో ఎక్కువగా కనిపించే రకం, స్పేర్లు సులువుగా దొరుకుతాయి. పడవ ఆకారం షటిల్, పొడవాటి సన్న బాబిన్ ఉన్న ఇంకా పాత మిషన్లు అందంగా ఉంటాయి కానీ వాటి బాబిన్లు, షటిల్ దొరకడం కష్టం. మొదటి ప్రాజెక్టుగా వద్దు.

5. అడుగు భాగం. తలని వెనక్కి వంచి కింద చూడండి. పైపై తుప్పు పర్వాలేదు. కడ్డీలు తుప్పు తినేసి గుంతలు పడితే వద్దు.

బాబిన్ కేస్, బెల్టు, సూది లేకపోయినా కొనొచ్చు. అవి చౌకగా దొరికేవే.

పేరు చూసి మోసపోకండి

నా మిషన్ మీద బంగారు అక్షరాల్లో "సింగర్" అని ఉంది. చూడగానే ఎగిరి గంతేశాను. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో సింగర్‌కి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది, 1885లో మొదలై 1980లో మూతపడింది. అక్కడ తయారైన మోడళ్ల నంబర్లలో కె అక్షరం ఉంటుంది. 15కె అంటే ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్‌బౌవీ ప్రాంతం పేరులోని కె. అసలు సింగర్ అయితే బేస్ మీద ఇనుములోనే కొట్టిన సీరియల్ నంబర్ ఉంటుంది, 1900 తర్వాతి వాటికి ఆ నంబర్ ముందు ఇంగ్లిష్ అక్షరమో, రెండు అక్షరాలో ఉంటాయి. ఆ నంబర్ వెతికితే ఏ ఏడాదిదో తెలిసిపోతుంది.

నా మిషన్ మీద అలాంటి నంబర్ కనపడలేదు. సరే, శుభ్రం చేశాక కనిపిస్తుందిలే అనుకున్నాను. ఫోన్ బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసి బాడీ రుద్దాను. ఇదే నా మొదటి తప్పు. రెండు నిమిషాల్లో "సింగర్" అనే పేరు గుడ్డకి అంటుకుని వచ్చేసింది. దాని కింద, అంతకన్నా పాత పొరలో, సగం చెరిగిన అక్షరాలు కనిపించాయి: లుధియానా. ఎవరో పాత మిషన్‌కి కొత్త స్టిక్కర్ వేసి అమ్మారు.

నా విషయంలో నిజం బయటపడింది కాబట్టి సరిపోయింది. మీది అసలు పాత సింగర్ అయితే మాత్రం ఇలా చేస్తే ఏడవాల్సి వస్తుంది. ఆ మిషన్ల నల్ల రంగు మీద, బంగారు డిజైన్ల మీద లక్కతో చేసిన షెల్లాక్ పూత ఉంటుంది. షెల్లాక్ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పూతతో పాటు డిజైన్ కూడా పోతుంది. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్ ఏవీ వద్దు. మెత్తటి గుడ్డ మీద కుట్టు మిషన్ ఆయిల్ వేసి నెమ్మదిగా తుడవండి, మురికి అదే వదులుతుంది.

ఇక లుధియానా విషయానికొస్తే, నిరాశ పడాల్సింది ఏమీ లేదు. మనదేశంలో కుట్టు మిషన్ల తయారీకి ఆ ఊరే కేంద్రం. ఎందుకు నిరాశ అక్కర్లేదో కింద చెప్తాను.

లోపల ఏం జరుగుతుంది?

విప్పే ముందు ఇది అర్థం చేసుకోండి. లేకపోతే ఏ తేడా ఎందుకొచ్చిందో తెలీదు.

కుట్టుకి రెండు దారాలు కావాలి. పైదారం సూదిలో, కిందదారం బాబిన్‌లో. సూది పైదారాన్ని గుడ్డలోంచి కిందికి తీసుకెళ్లి, మళ్లీ పైకి లేవడం మొదలుపెడుతుంది. రెండు మిల్లీమీటర్లు లేచేసరికి గుడ్డ కింద దారం కొంచెం వదులై చిన్న ఉచ్చులా తయారవుతుంది. సరిగ్గా అదే క్షణంలో షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అలా కిందదారం ఉచ్చులోంచి దూరిపోతుంది. పైనున్న దారం లాగే కడ్డీ ఆ ఉచ్చుని బిగించేస్తుంది, పళ్లు గుడ్డని ముందుకు జరుపుతాయి. ఒక కుట్టు పడింది.

ఒక్క మెయిన్ షాఫ్ట్ తిరుగుతుంటే సూది, కొక్కెం, పళ్లు, దారం లాగే కడ్డీ నాలుగూ ఒకే తాళంలో నడుస్తాయి. చిప్ లేదు, సెన్సర్ లేదు. ఎక్కడ తేడా వచ్చినా చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే మీ కంటికే కనిపిస్తుంది.

సర్వీస్: స్టెప్ బై స్టెప్

కావాల్సినవి: పెద్దదీ చిన్నదీ రెండు ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు, పాత టూత్ బ్రష్, ట్వీజర్, కాటన్ గుడ్డలు, హెయిర్ డ్రయర్, తుప్పు వదిలించే స్ప్రే (డబ్ల్యూడీ-40 లాంటిది), కుట్టు మిషన్ ఆయిల్. స్క్రూలు పెట్టుకోడానికి ఒక ఇడ్లీ ప్లేటు. నవ్వకండి, ఒక్కో గుంతలో ఒక్కో భాగం స్క్రూలు వేసుకుంటే ఏదీ కలిసిపోదు.

స్టెప్ 1: ఫొటోలు. ఏది విప్పినా ముందు ఫొటో, విప్పేటప్పుడు వీడియో. ఫోన్ రిపేర్‌లో పాటించే రూలే.

స్టెప్ 2: పొడి శుభ్రం. సూది తీసేయండి. సూది కింద ఉండే ప్లేటుకి రెండు స్క్రూలుంటాయి, విప్పండి. పళ్ల మధ్య దుమ్ము, నూలు కలిసి కంబళిలా గట్టిపడి ఉంటుంది. నా మిషన్‌లో అది ట్వీజర్‌తో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. అది అలాగే ఉంటే పళ్లు పైకి లేవవు, గుడ్డ ముందుకి జరగదు.

స్టెప్ 3: షటిల్ తీయడం. సూది కడ్డీ పూర్తిగా పైన ఉండాలి. బాబిన్ కేస్ తీశాక, చుట్టూ ఉన్న రింగుకి రెండు చిన్న తాళాల్లాంటి మీటలు ఉంటాయి. వాటిని బయటికి తిప్పితే రింగు, దాని వెనక కొక్కెం రెండూ చేతిలోకి వచ్చేస్తాయి. కొన్ని మిషన్లలో మీటలకి బదులు స్క్రూలుంటాయి. నా దాంట్లో కొక్కెం వెనక ఎర్ర దారం నాలుగైదు చుట్లు బిగుసుకుని ఉంది. ఇన్నాళ్లూ ఆ మిషన్‌ని మూలన పడేసిన కారణాల్లో అదొకటి. అర మీటరు దారం!

స్టెప్ 4: గడ్డకట్టిన నూనె వదిలించడం. ఇదే అసలు పని. దారం తీశాక కూడా నా మిషన్ చక్రం కదల్లేదు. లోపలి కీళ్ల దగ్గర పసుపచ్చటి మైనంలాంటిది పేరుకుపోయి ఉంది. చాలా ఇళ్లల్లో మిషన్‌కి కొబ్బరినూనో, వంటనూనో వేసేస్తారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మాఘమాసంలో మా నర్సీపట్నం పొద్దులు దానికి బాగా సరిపోతాయి, లంబసింగి వైపు అయితే చెప్పక్కర్లేదు. సన్‌ఫ్లవర్ లాంటి నూనెలు ఇంకో రకం. గాలిలో ఆక్సిజన్‌తో కలిసి ఏళ్ల తరబడి వార్నిష్‌లా గట్టిపడతాయి.

ముందు హెయిర్ డ్రయర్‌తో కీళ్ల దగ్గర వేడి చేసి, కరిగినదంతా గుడ్డతో తుడవండి. డ్రయర్ పక్కన పెట్టేసి, మిషన్ చల్లారాక మాత్రమే స్ప్రే కొట్టండి. స్ప్రే మంట అంటుకునే రకం, వేడితో కలపకూడదు. కిటికీలు తెరిచి ఉంచండి. పెట్రోల్ అస్సలు వద్దు. ప్రతి నూనె రంధ్రంలో, ప్రతి కీలు దగ్గర కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపండి. బలం పెట్టొద్దు. నాకు మూడు రాత్రులు పట్టింది. మొదటి రోజు అర అంగుళం, రెండో రోజు సగం చుట్టు, మూడో రోజు పొద్దున ఆరింటికి పూర్తి చుట్టు తిరిగింది.

స్టెప్ 5: అసలు నూనె. స్ప్రే మురికిని కరిగిస్తుందే తప్ప ఎక్కువ కాలం కందెనగా పనిచేయదు. దాన్ని పూర్తిగా తుడిచేసి, ప్రతి రంధ్రంలో, కదిలే ప్రతి కీలు మీద కుట్టు మిషన్ ఆయిల్ ఒక్కో చుక్క వేయండి. నూనె తగలకూడని చోట్లు మూడు: దారం బిగింపు బిళ్లలు, బెల్టు, బాబిన్ చుట్టే రబ్బరు రింగు.

స్టెప్ 6: చక్రం క్లచ్. మధ్య మరకి ఉన్న బుల్లి స్క్రూ వదులు చేసి, మర తీసి, లోపల ఉన్న వాషర్ శుభ్రం చేయండి. ఇక్కడ నా రెండో తప్పు. అన్నీ బిగించాక చక్రం తిరుగుతోంది, సూది కదలదు. ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. చివరికి అబీద్ సెంటర్ దగ్గర ఒక పెద్దాయన, పాత టైలర్ మాస్టారు, వీడియో చూసి నవ్వారు. "వాషర్ తిప్పి పెట్టు బాబూ, అర చుట్టు" అన్నారు. ఆ వాషర్ లోపలి కొనలకి ఒక వైపు ఉంది. అర చుట్టు తిప్పి పెడితే బిగిసింది. ఈ ఒక్క వాషర్ తెలీక ఎన్ని మిషన్లు తూకానికి పోయాయో అనిపించింది.

స్టెప్ 7: కొత్త సామాన్లు. బెల్టు, బాబిన్ కేస్, నాలుగు బాబిన్లు, సూదులు, ఆయిల్ అన్నీ అనకాపల్లిలో మిషన్ సామాన్ల కొట్లో తెచ్చాను. నాకు అయిన ఖర్చు:

- మిషన్, స్టాండు: రూ.1,200
- బాబిన్ కేస్, బాబిన్లు: రూ.130
- తోలు బెల్టు: రూ.80
- సూదులు, ఆయిల్: రూ.110
- తుప్పు స్ప్రే: రూ.190
- మొత్తం: రూ.1,710, బస్సు చార్జీలు కాక

కుట్టు సెట్టింగ్స్

సూది పెట్టే విధానంలోనే సగం సమస్యలున్నాయి. సూది మొదట్లో ఒకవైపు చదునుగా, సూది పొడవునా రెండోవైపు గాడి ఉంటుంది. దారం గాడి ఉన్నవైపు నుంచి లోపలికి వెళ్లాలి. మీ మిషన్‌లో సూదికి పైన ఉండే చివరి దారం కొక్కెం ఏ వైపు ఉందో చూడండి, గాడి ఆ వైపుకి రావాలి. సూదిని పూర్తిగా పైకి తోసి బిగించండి. మామూలు కాటన్‌కి 14 నంబర్, పల్చటి పట్టుకి 11, మందం గుడ్డకి 16.

పైదారం ఎక్కించేటప్పుడు ప్రెజర్ ఫుట్ పైకి ఎత్తి ఉంచండి. అప్పుడే బిగింపు బిళ్లలు తెరుచుకుని దారం వాటి మధ్యలోకి దిగుతుంది.

కిందదారం బిగువు చూడాలంటే బాబిన్ కేస్‌ని దారం కొస పట్టుకుని వేలాడదీయండి. కదలకుండా ఉండాలి. చెయ్యి చిన్నగా జాడిస్తే రెండు మూడు అంగుళాలు జారి ఆగాలి. దానంతటదే జారిపోతే కేస్ మీది బుల్లి స్క్రూ పావు చుట్టు కన్నా తక్కువ బిగించండి. ముందు ఇది, ఆ తర్వాతే పై బిగువు.

తరచూ వచ్చే సమస్యలు:

- గుడ్డ కింద దారం చిక్కు పడుతోంది: తప్పు కింద కాదు, పైన. పైదారం బిళ్లల మధ్యలో దిగలేదు. మళ్లీ ఎక్కించండి.
- కిందదారం పైకి కనిపిస్తోంది: పై బిగువు ఎక్కువైంది, తగ్గించండి.
- కుట్లు ఎగిరిపోతున్నాయి: సూది వంగింది, లేదా తిరగబడింది, లేదా పూర్తిగా పైకి వెళ్లలేదు.
- పైదారం తెగుతోంది: దారం పాతబడి ఉండొచ్చు, సూది రంధ్రం చిన్నది కావొచ్చు, బిగువు ఎక్కువ కావొచ్చు.
- మొదట్లోనే మిషన్ బిగుసుకుంటోంది: మొదటి రెండు మూడు కుట్లకి రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. లేకపోతే కొస షటిల్‌లోకి పోయి చుట్టుకుంటుంది. నా మిషన్‌లో ఎర్ర దారం అలాగే ఇరుక్కుని ఉంటుంది.

ఇది ఎందుకు బాగైంది, అది ఎందుకు బాగవలేదు?

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. తయారీ సంవత్సరం కూడా తెలియని లుధియానా మిషన్‌కి అనకాపల్లిలో స్పేర్లు దొరికాయి. ఇరవై నెలల మిషన్‌కి దొరకలేదు.

సమాధానం కొంత చరిత్రలో ఉంది. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజక్ సింగర్ అమెరికాలో పేటెంట్లు తీసుకున్నారు. తర్వాత కంపెనీలు ఒకదాని మీద ఒకటి కేసులు వేసుకున్నాయి, అచ్చం మన స్మార్ట్‌ఫోన్ పేటెంట్ యుద్ధాల్లాగే. చివరికి 1856లో పెద్ద కంపెనీలన్నీ పేటెంట్లని ఒకచోట చేర్చి ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది సింగర్ కంపెనీ వాయిదాల మీద మిషన్లు అమ్మడం మొదలుపెట్టింది. మన ఈఎంఐకి తాత అదే. 1877 కల్లా ఆ ఒప్పందంలోని పేటెంట్ల గడువు తీరిపోయింది, ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

సింగర్ మోడళ్లలో క్లాస్ 15 అనే డిజైన్ని తర్వాతి కాలంలో ప్రపంచమంతా కాపీ కొట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ దాన్ని లక్షల్లో చేసింది. మనదేశంలో 1930ల్లో కలకత్తాలో మొదలైన జై ఇంజనీరింగ్ వర్క్స్ వారి ఉషా మిషన్లు, లుధియానా మిషన్లు చాలావరకు ఆ కుటుంబానివే. అందుకే కంపెనీ ఏదైనా అదే బాబిన్, అదే కేస్, అదే సూది. ఇప్పుడు మనం యూఎస్‌బీ టైప్-సీ గురించి సంబరపడుతున్నాం కదా, కుట్టు మిషన్ల లోకంలో అది ఎప్పుడో జరిగిపోయింది. నా మిషన్ సింగర్ కాకపోయినా నిరాశ అక్కర్లేదన్నది ఇందుకే. పేరు పోయింది కానీ కొలతలు పోలేదు.

యంత్రాల మీద గాంధీగారి అభిప్రాయం మనకి తెలుసు. అయినా 1924లో ఆయన కుట్టు మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు. మనిషి చేతిలో ఉండి, మనిషి శ్రమ తగ్గించే యంత్రం అని ఆయన ఉద్దేశం.

ఇప్పుడు మళ్లీ చట్టాలు అటువైపే వస్తున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ మీద 2022 జులైలో ఒక కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెచ్చింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికొచ్చే కొత్త ఫోన్లకి, మోడల్ ఆపేశాక కూడా 7 ఏళ్లపాటు కీలకమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. పెద్దమ్మ మిషన్ బోర్డుకి అలాంటి నియమం ఒకటి ఉండి ఉంటే ఈ ఆర్టికల్ అవసరమే వచ్చేది కాదు.

ఫైనల్ వెర్డిక్ట్

ప్లస్‌లు: కరెంటు అక్కర్లేదు. స్పేర్లు చౌక. నేరుగా పడే కుట్టు చాలా గట్టిగా, శుభ్రంగా వస్తుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో మొత్తం విప్పొచ్చు. తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

మైనస్‌లు: నేరు కుట్టు తప్ప ఇంకేమీ రాదు. జిగ్‌జాగ్, కాజాలు, ఎంబ్రాయిడరీ ఉండవు. బరువు. కాళ్ల నొప్పులున్నవాళ్లకి తొక్కడం కష్టం, అలాంటి వాళ్లకి విడిగా మోటార్ పెట్టించాలి. సర్వీస్‌కి ఓపిక కావాలి, నాకు మొత్తం ఆరు రోజులు పట్టింది.

ఎవరు తీసుకోవాలి? కుట్టు నేర్చుకునేవాళ్లు, జాకెట్లు, లంగాలు, ఫాల్స్ కుట్టేవాళ్లు, యంత్రం లోపల ఎలా ఉంటుందో చూడాలనే మనలాంటివాళ్లు. డిజైన్ పనే బతుకుతెరువైతే ఇది సరిపోదు, కొత్త మిషన్ కావాల్సిందే. కానీ రెండోదిగా ఇది ఒకటి మూలన ఉండాలి.

ఏడో రోజు మిషన్‌ని ఆటోలో పెద్దమ్మ ఇంటికి చేర్చాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు ఒక పాత చీర ముక్క మీద మూడు వరసలు కుట్టింది. తిప్పి వెనక వైపు చూసింది. పై బిగువు ఒక్క పావు చుట్టు తగ్గించింది. నేను రెండు గంటలు కుస్తీ పట్టి సెట్ చేసింది ఆవిడకి సరిగా లేదన్నమాట! తర్వాత ఏమీ మాట్లాడకుండా మొదటి జాకెట్ ముక్కలు అందుకుంది.

పద్నాలుగులో పన్నెండు ముహూర్తానికి అందాయి. రెండు అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయాయి, ఆ అడ్వాన్సు పెద్దమ్మ తిరిగిచ్చేసింది. కొత్త మిషన్ బోర్డు కోసం ఇంకా ఎదురు చూస్తున్నాం. ఈఎంఐలు మిగిలిన నాలుగూ నేను కడుతున్నాను.

ఇంకో మార్పు. ఇకనుంచి నేను రాసే ప్రతి రివ్యూలో కెమెరా, బ్యాటరీ, పెర్ఫార్మెన్స్ కింద ఒక లైను అదనంగా ఉంటుంది: పాడైతే స్పేర్ దొరుకుతుందా, ఎన్నేళ్లు దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది. కంపెనీ చెప్పకపోతే చెప్పలేదని రాస్తాను.

మీరు మాత్రం ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంటి అటక ఎక్కండి. అక్కడ నల్లగా, దుమ్ముపట్టి ఏదైనా కనిపిస్తే తూకానికి వేసే ముందు చక్రం ఒకసారి మీ వైపుకి తిప్పి చూడండి. కదలకపోతే పైన స్టెప్ 3 నుంచి చదవండి.